నీరు, నూనె, అప్పం, ద్రాక్షరసం

కంటికి కనబడని దైవకృప కంటికి కనబడే వస్తువుల ద్వారానే మనిషిని చేరుతుందన్నది కతోలిక విశ్వాసానికి ఆయువుపట్టు. ఆ ఒక్క సూత్రం తెలిస్తే బలిపూజ, జపమాల, పాపసంకీర్తనం, పోపు పదవి అన్నీ ఒకే వరసలో అర్థమవుతాయి.

ప్రపంచవ్యాప్తంగా సుమారు 140 కోట్ల మంది అనుసరిస్తున్న కతోలిక క్రైస్తవం తెలుగు నేలకు కొత్తది కాదు. 18వ శతాబ్దం తొలినాళ్లలోనే యేసుసభ (జెసూట్) గురువులు, అంటే పూజారులు, రాయలసీమ ప్రాంతంలో బోధన సాగించగా, 19వ శతాబ్దంలో మిలాను నగరం నుంచి వచ్చిన పిమె సభ గురువులు హైదరాబాదు, కృష్ణా ప్రాంతాల్లోనూ, మిల్ హిల్ సభ గురువులు నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లోనూ, సాలెసు ఫ్రాన్సిసు సభ గురువులు విశాఖపట్నంలోనూ స్థిరపడి దేవాలయాలు, పాఠశాలలు, వైద్యశాలలు నెలకొల్పారు. ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) బడిలో అక్షరాలు దిద్దినవారు, మఠకన్యల ఆసుపత్రిలో పురుడు పోసుకున్నవారు తెలుగునాట అన్ని మతాల్లోనూ ఉన్నారు. అయినా ఆ బడిని, ఆ ఆసుపత్రిని నడిపించిన విశ్వాసం ఏమిటన్నది మాత్రం చాలామందికి పైపైన తెలిసిన సంగతే. కతోలికులు మరియమాతను ఎందుకు అంతగా కొలుస్తారు, తమ పాపాలను సాటి మనిషి ముందు ఎందుకు చెప్పుకుంటారు, ఒక చిన్న గోధుమ అప్పం ముందు ఎందుకు మోకరిల్లుతారు అన్న ప్రశ్నలకు విడివిడిగా జవాబులు వెదికితే అవి పొంతన లేని ఆచారాలుగా తోస్తాయి. మూలంలో ఉన్న సిద్ధాంతం నుంచి మొదలుపెడితే ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొచ్చిన తీరు స్పష్టమవుతుంది.

ముగ్గురు వ్యక్తులు, ఒకే సర్వేశ్వరుడు

కతోలికుడు ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు కుడిచేతి వేళ్లతో నుదుటిని, రొమ్మును, ఎడమ భుజాన్ని, కుడి భుజాన్ని వరసగా తాకుతూ పిత, పుత్ర, పవిత్రాత్మల నామాన్ని ఉచ్చరిస్తాడు. సిలువ గుర్తు అని పిలిచే ఈ చిన్న చర్యలోనే ఆ మతపు రెండు ప్రధాన సిద్ధాంతాలు ఇమిడి ఉన్నాయి. నోటితో పలికేది త్రిత్వం కాగా, చేతితో గీసేది క్రీస్తు సిలువ మరణం.

సర్వేశ్వరుడు ఒక్కడే అయినా ఆ ఒకే దైవస్వభావంలో పిత, పుత్రుడు, పవిత్రాత్మ అనే ముగ్గురు వ్యక్తులు ఉన్నారన్నది త్రిత్వ సిద్ధాంతం. వీరు ముగ్గురు దేవుళ్లు కారు, ఒకే దేవుడు సందర్భాన్నిబట్టి ధరించే మూడు రూపాలూ కారు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరానికి చెందిన ఆరియసు అనే గురువు, పుత్రుడు పిత చేత సృష్టి పొందినవాడే గనుక పితతో సమానుడు కాడని బోధించినప్పుడు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియా పట్టణంలో పీఠాధిపతుల (బిషప్పుల) మహాసభను సమావేశపరచగా, ఆ సభ పుత్రుడు పితతో ఏక స్వభావం గలవాడని తీర్మానించింది. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆ తీర్మానాన్ని విస్తరించగా రూపొందిన విశ్వాస సంగ్రహాన్నే నేటికీ కతోలికులు ఆదివారపు బలిపూజలో నిలబడి పఠిస్తారు. ఆ తొలి మహాసభకు 1700 ఏళ్లు నిండిన సందర్భంగా 2025 నవంబరులో పోపు 14వ లియో, ఇప్పుడు తుర్కియే దేశంలో ఇజ్నిక్ అనే పేరుతో ఉన్న ఆ పట్టణానికి వెళ్లి ఇతర క్రైస్తవ సంఘాల పెద్దలతో కలిసి ప్రార్థించారు.

త్రిత్వంలో రెండో వ్యక్తి అయిన పుత్రుడు కన్య మరియ గర్భాన పుట్టి యేసుక్రీస్తుగా మానవ శరీరాన్ని ధరించడాన్ని మనుష్యావతారం అంటారు. భారతీయ సంప్రదాయంలో అవతారాలు అనేకం, యుగధర్మాన్నిబట్టి అవి మళ్లీ మళ్లీ వస్తాయి. కతోలిక బోధలో మనుష్యావతారం చరిత్రలో ఒక్కసారే జరిగింది, అలా ధరించిన మానవ స్వభావాన్ని పుత్రుడు మరణ పునరుత్థానాల తరవాత కూడా విడిచిపెట్టలేదు. క్రీస్తు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అనీ, ఆ రెండు స్వభావాలు ఒకదానిలో ఒకటి కరిగిపోకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయనీ 451లో కాల్సెడన్ మహాసభ నిర్వచించింది. దైవం ఎముకలు, రక్తం, ఆకలి, అలసట ఉన్న దేహంలోకి వచ్చిందంటే, భౌతిక పదార్థం దైవానికి అడ్డు కాదు సరికదా, వాహకం కాగలదని అర్థం. కతోలిక సంప్రదాయంలో నీటికి, నూనెకు, అప్పానికి, ద్రాక్షరసానికి, పునీతుల అస్థికలకు, చిత్రాలకు, మానవ హస్తస్పర్శకు దక్కిన ప్రాధాన్యం మొత్తం ఈ ఒక్క సిద్ధాంతం మీదే నిలబడి ఉంది.

గ్రంథం, పారంపర్యం

కతోలికుల విశ్వాసానికి పవిత్ర గ్రంథం ఒక్కటే ఆధారం కాదు. క్రీస్తు శిష్యులైన అపోస్తలులు నోటిమాటగా, ఆచరణగా అందించిన బోధ తరతరాలుగా శ్రీసభలో కొనసాగుతోందనీ, దాన్ని పారంపర్యం అంటారనీ, గ్రంథం కూడా ఆ పారంపర్యంలోంచే రూపొందిందనీ వారి అభిప్రాయం. శ్రీసభ లేదా తిరుసభ అంటే జ్ఞానస్నానం పొందిన విశ్వాసులందరి సమాజం. గ్రంథాన్ని, పారంపర్యాన్ని అధికారికంగా వ్యాఖ్యానించే బాధ్యత పోపుతోనూ, ఆయనతో ఏకమై ఉన్న పీఠాధిపతులతోనూ ఉంటుంది. దాన్నే బోధనాధికారం అంటారు. గ్రంథం ఒక్కటే ప్రమాణమని 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ తదితర సంస్కర్తలు వాదించిన నాటి నుంచి ప్రొటెస్టంటులకూ కతోలికులకూ మధ్య ఉన్న మౌలిక భేదాల్లో ఇది ముఖ్యమైనది.

గ్రంథంలోని పుస్తకాల సంఖ్యలోనూ తేడా కనిపిస్తుంది. ప్రొటెస్టంటుల బైబిలులో 66 పుస్తకాలుండగా కతోలికుల బైబిలులో 73 ఉన్నాయి. తోబితు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరా గ్రంథం, బారూకు, రెండు మక్కబీయుల గ్రంథాలు ఆ అదనపు ఏడు. గ్రీకు అనువాదం ద్వారా తొలి క్రైస్తవులకు అందిన ఈ పుస్తకాలను 1546లో ట్రెంటు మహాసభ మిగిలిన పుస్తకాలతో సమానమైన ప్రామాణికత గలవిగా మరోసారి ధ్రువీకరించింది. మరణించినవారి కోసం ప్రార్థించడం మేలని చెప్పే భాగం మక్కబీయుల రెండో గ్రంథంలోనే ఉండటం వల్ల ఈ తేడా కేవలం విషయసూచికకు పరిమితం కాలేదు. ఈ బోధలన్నింటినీ క్రమబద్ధంగా వివరించే అధికారిక గ్రంథం ‘కతోలిక శ్రీసభ సత్యోపదేశం’. పోపు రెండవ జాన్‌పాల్ ఆమోదంతో 1992లో వెలువడిన ఈ గ్రంథం 2865 పేరాలతో విశ్వాస సంగ్రహం, దివ్యసంస్కారాలు, నైతిక జీవనం, ప్రార్థన అనే నాలుగు భాగాలుగా ఉంటుంది.

ఏడు దివ్యసంస్కారాలు

క్రీస్తు స్థాపించగా శ్రీసభకు అప్పగించబడి, ఒక బాహ్యచిహ్నం ద్వారా లోపలి కృపను నిజంగా కలిగించే పవిత్ర కార్యాన్ని దివ్యసంస్కారం అంటారు; పాతకాలపు ఉపదేశ పుస్తకాల్లో దీనికే దేవద్రవ్యానుమానం అని పేరు. ఇక్కడ కృప అంటే మనిషి అర్హతతో సంపాదించుకోలేని, దేవుడు ఉచితంగా ఇచ్చే వరప్రసాదం. సంస్కారం కేవలం జ్ఞాపకచిహ్నం కాదనీ, అది సూచించే దాన్ని నిజంగా అందిస్తుందనీ, దాన్ని జరిపే గురువు వ్యక్తిగతంగా పాపాత్ముడైనా సంస్కారపు ప్రభావం తగ్గదనీ శ్రీసభ బోధిస్తుంది, ఎందుకంటే గురువు చేతుల ద్వారా అసలు పనిచేసేది క్రీస్తేనని దాని నమ్మకం. ఇవి ఏడని 1547లో ట్రెంటు మహాసభ నిర్ధారించింది.

• జ్ఞానస్నానం: త్రిత్వ నామాన తల మీద మూడుసార్లు నీరు పోయడం లేదా నీటిలో ముంచడం ద్వారా జన్మపాపం తొలగి మనిషి శ్రీసభలో సభ్యుడవుతాడు.

• భద్రమైన అభ్యంగనం: పీఠాధిపతి లేదా ఆయన అనుమతి పొందిన గురువు నుదుట పరిమళ తైలం పూసి పవిత్రాత్మ వరాలతో విశ్వాసిని బలపరుస్తాడు.

• దివ్యసత్ప్రసాదం: అప్ప ద్రాక్షరసాల రూపంలో విశ్వాసి క్రీస్తు శరీర రక్తాలను స్వీకరిస్తాడు.

• పాపసంకీర్తనం: పశ్చాత్తాపంతో గురువు ముందు పాపాలు ఒప్పుకున్నవారికి క్షమాపణ లభిస్తుంది.

• వ్యాధిగ్రస్తుల అభ్యంగనం: తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి, వృద్ధులకు నుదుట, అరచేతుల్లో నూనె పూసి ప్రార్థిస్తారు.

• గురుపట్టం: పీఠాధిపతి తల మీద చేతులుంచి ప్రార్థించడం ద్వారా డీకన్లుగా, గురువులుగా, పీఠాధిపతులుగా అభిషేకం జరుగుతుంది.

• జ్ఞానవివాహం: లతీను సంప్రదాయంలో ఈ సంస్కారాన్ని ఇచ్చిపుచ్చుకునేవారు వధూవరులే; గురువు శ్రీసభ తరఫు సాక్షి.

వీటిలో జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తాయని నమ్మకం కాబట్టి వాటిని ఒక్కసారే ఇస్తారు. అందుకే నీటితో, త్రిత్వ నామంతో ప్రొటెస్టంటు సంఘంలో జ్ఞానస్నానం పొందినవారు తరవాత కతోలికులుగా మారితే వారికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. ప్రాణాపాయ సమయంలో గురువు అందుబాటులో లేకపోతే ఎవరైనా, క్రైస్తవేతరులైనా సరే, శ్రీసభ ఉద్దేశంతో నీరు పోసి ఆ మాటలు పలికితే జ్ఞానస్నానం చెల్లుతుంది. చెల్లుబాటై, దాంపత్య కలయికతో పూర్ణమైన జ్ఞానవివాహాన్ని ఏ మానవ అధికారమూ రద్దు చేయలేదని శ్రీసభ భావిస్తుంది గనుక కతోలికులకు మతపరమైన విడాకులు లేవు. బలవంతం, మోసం, మానసిక అసమర్థత వంటి కారణాల వల్ల ఆ వివాహం మొదటి రోజే ఏర్పడలేదని శ్రీసభ న్యాయస్థానం విచారించి ప్రకటించవచ్చు గానీ, ఏర్పడిన దాన్ని తెంచడం, ఏర్పడలేదని తేల్చడం రెండూ ఒకటి కావు.

బలిపూజ: విశ్వాసపు కేంద్రం

కతోలికుల ఆరాధనకు కేంద్రం దివ్యబలిపూజ. ఆదివారం నాడు ఇందులో పాల్గొనడం విధి. బలిపూజ రెండు ప్రధాన భాగాలుగా సాగుతుంది. మొదటిది వాక్యార్చన, ఆదివారాల్లో పాత నిబంధన నుంచి ఒక పఠనం, అపోస్తలుల లేఖల నుంచి ఒకటి, సువిశేషం నుంచి ఒకటి చదువుతారు, ఈ పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి మొదలయ్యేలా ప్రపంచమంతటా లతీను సంప్రదాయ దేవాలయాలన్నింటికీ ఒకే క్రమంలో అమరి ఉంటాయి. రెండోది సత్ప్రసాద అర్చన. గురువు బలిపీఠం మీద పులియని గోధుమపిండితో చేసిన పలుచని అప్పాన్ని, పాత్రలో ద్రాక్షరసాన్ని ఉంచి, ఆ రసంలో ఒకటి రెండు చుక్కల నీరు కలుపుతాడు. క్రీస్తు మానవత్వంలో పాలుపంచుకున్నట్టే ఆయన దైవత్వంలో మనుషులు పాలుపంచుకోవాలన్న ఆకాంక్ష ఆ నీటిచుక్కల అర్థం. తరవాత కడరా భోజన సమయంలో క్రీస్తు పలికిన మాటలను గురువు పలికి, అప్పాన్ని, పాత్రను పైకెత్తి చూపుతాడు. గంట మోగుతుంది, సభ మోకరిల్లుతుంది.

ఆ క్షణంలో అప్పం, ద్రాక్షరసం క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని కతోలికుల నమ్మకం. రంగు, రుచి, బరువు, ఆకారం ఏవీ మారవు. వాటి అడుగున ఉన్న సారం మాత్రం మారుతుంది. 1215లో నాలుగో లాతెరను మహాసభ ఈ మార్పును సారాంతరంగా వ్యవహరించగా, అదే శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు అరిస్టాటిల్ పరిభాషను ఆధారంగా చేసుకుని దాన్ని వివరించాడు, 1551లో ట్రెంటు మహాసభ ధ్రువీకరించింది. బలిపూజ కల్వరి కొండ మీది సిలువ బలికి పునరావృత్తి కాదు, ఎందుకంటే ఆ బలి ఒక్కసారే జరిగింది. ఆ ఒక్క బలినే రక్తం చిందకుండా ప్రస్తుత కాలంలో సన్నిహితం చేసే కార్యమని బోధ. మిగిలిన సత్ప్రసాదాన్ని మందసం అనే పెట్టెలో భద్రపరచి, పక్కన అఖండదీపం వెలిగిస్తారు. ఖాళీ దేవాలయంలోకి వెళ్లిన కతోలికుడు కూడా మోకాలు వంచేది ఆ సాన్నిధ్యం ఎదుటే. 15 ఏళ్ల వయసులో 2006లో మరణించిన ఇటలీ బాలుడు కార్లో అకూటిస్ సత్ప్రసాద అద్భుతాల వివరాలతో వెబ్‌సైట్ రూపొందించి ప్రసిద్ధుడయ్యాడు. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

1960ల దాకా లతీను సంప్రదాయంలో బలిపూజ ప్రపంచమంతటా లతీను భాషలోనే సాగేది. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ ప్రజల భాషలకు తలుపులు తెరిచాక తెలుగు బలిపీఠం ఎక్కింది. 1969లో భారతీయ ఆరాధన కోసం రోము 12 అనుసరణలకు అనుమతి ఇచ్చింది. పాదరక్షలు విడవడం, నేల మీద కూర్చోవడం, అంజలి ఘటించడం, హారతి ఇవ్వడం అలా పూజావిధిలో చోటు సంపాదించుకున్నాయి.

పాపం, క్షమాపణ, ఉత్తరించు స్థలం

తొలి మానవుల అవిధేయత వల్ల మానవజాతి మొత్తం పుట్టుకతోనే దైవకృపను కోల్పోయిన స్థితిలో ఉందన్నది జన్మపాప సిద్ధాంతం. ఇది వ్యక్తి చేసిన తప్పు కాదు, వారసత్వంగా వచ్చిన లోటు. కర్మ సిద్ధాంతంతో దీన్ని కలపడం సరికాదు, ఎందుకంటే ఇక్కడ పూర్వజన్మ లేదు, మనిషికి ఒకే జీవితం, ఒకే మరణం. వ్యక్తి తెలిసి చేసే పాపాలు రెండు రకాలు. విషయం తీవ్రమైనదై ఉండి, అది తప్పని పూర్తిగా తెలిసి, మనఃపూర్వకంగా అంగీకరించి చేసినది చావైన పాపం. ఈ మూడింట ఏది లోపించినా అది అల్పపాపమే అవుతుంది. చావైన పాపం ఆత్మలోని దైవకృపను చంపుతుంది కాబట్టి, ఆ స్థితిలో ఉన్నవారు ముందు పాపసంకీర్తనం చేసుకోకుండా సత్ప్రసాదం స్వీకరించకూడదు.

పాపసంకీర్తనంలో పశ్చాత్తాపం, పాపాలను దాచకుండా చెప్పడం, గురువు విధించిన ప్రాయశ్చిత్తాన్ని నెరవేర్చడం విశ్వాసి వంతు; క్షమాపణ వాక్యం పలకడం గురువు వంతు. మనిషి మరో మనిషిని క్షమించడం కాదిది. క్షమించే అధికారాన్ని క్రీస్తు తన శిష్యులకు అప్పగించాడనీ, గురువు ఆ అధికారానికి పనిముట్టు మాత్రమేననీ శ్రీసభ వివరణ. విన్న సంగతిని గురువు ఏ కారణంతోనూ, ప్రాణం పోతుందన్నా, న్యాయస్థానం అడిగినా బయటపెట్టకూడదు. ఆ రహస్యాన్ని నేరుగా వెల్లడించిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి బహిష్కృతుడవుతాడు.

మరణానంతరం ఆత్మ మోక్షానికో నరకానికో వెళుతుందని చాలా క్రైస్తవ సంఘాలు చెబుతాయి. కతోలికులు ఉత్తరించు స్థలం అనే శుద్ధీకరణ దశను కూడా విశ్వసిస్తారు. దేవుని స్నేహంలో మరణించినా పూర్తిగా శుద్ధి పొందని ఆత్మలు మోక్షంలో ప్రవేశించే ముందు గడిపే స్థితి అది. అక్కడున్నవారికి రక్షణ ఖాయమైంది గనుక అది రెండో అవకాశమూ కాదు, చిన్న నరకమూ కాదు. జీవించి ఉన్నవారి ప్రార్థనలు, బలిపూజలు ఆ ఆత్మలకు మేలు చేస్తాయన్న నమ్మకంతోనే ఏటా నవంబరు 2న కతోలికులు సమాధులను శుభ్రం చేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. ఈ సిద్ధాంతంతో ముడిపడిన పాపపరిహార పత్రాల పేరిట సొమ్ము వసూలు చేయడాన్ని 1517లో మార్టిన్ లూథర్ ప్రశ్నించడంతోనే సంస్కరణోద్యమం మొదలైంది. ఆ వసూళ్ల దుర్వినియోగాన్ని ట్రెంటు మహాసభే అరికట్టింది. మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనా, సత్క్రియల వల్లనా అన్న ఆనాటి వివాదంలో, రక్షణ దేవుని కృప వల్లనేనన్న మౌలిక అంగీకారాన్ని ప్రకటిస్తూ 1999 అక్టోబరు 31న కతోలికులు, లూథరనులు ఆగ్స్‌బర్గ్ నగరంలో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు.

ఆరాధన వేరు, వందనం వేరు

కతోలికులు మరియమాతను, పునీతులను దేవుళ్లుగా కొలుస్తారన్నది తెలుగునాట తరచుగా వినిపించే ఆక్షేపణ. శ్రీసభ బోధలో ఆరాధన సర్వేశ్వరునికి మాత్రమే చెందుతుంది. పునీతులకు దక్కేది వందనం, మరియమాతకు దక్కేది విశేష వందనం. విగ్రహాలకు చూపే గౌరవం ఆ విగ్రహం సూచించే వ్యక్తికే చేరుతుందని 787 నాటి రెండో నైసియా మహాసభ తేల్చి చెప్పింది. పునీతులు వరాలు తమంతట తాము ఇవ్వరు, విశ్వాసుల తరఫున దేవుణ్ని వేడుకుంటారు. దైవసేవకులు, పూజ్యులు, ధన్యులు, పునీతులు అనే క్రమంలో, జీవితం మీద సుదీర్ఘ విచారణ జరిపి, వేదసాక్షులు (విశ్వాసం కోసం ప్రాణాలర్పించినవారు) కానివారి విషయంలో సాధారణంగా ధన్యులుగా ప్రకటించడానికి ఒక అద్భుతం, పునీతులుగా ప్రకటించడానికి మరో అద్భుతం రుజువయ్యాకనే శ్రీసభ ఈ గుర్తింపు ఇస్తుంది. తిరువాన్కూరు రాజ్యంలో క్రైస్తవాన్ని స్వీకరించి 1752లో ప్రాణాలర్పించిన దేవసహాయం పిళ్లై 2022 మే 15న ఈ క్రమంలోనే పునీతుడయ్యాడు.

మరియమాత గురించి శ్రీసభ నిర్వచించిన సత్యాలు నాలుగు: ఆమె దేవమాత అని 431లో ఎఫెసు మహాసభ ప్రకటించింది, ఆమె నిత్యకన్య అన్నది ప్రాచీన విశ్వాసం, జన్మపాపం అంటకుండా ఆమె తన తల్లి గర్భంలో రూపుదిద్దుకుందన్న సత్యాన్ని 1854లో పోపు 9వ పయస్, ఆత్మశరీరాలతో మోక్షానికి చేర్చబడిందన్న సత్యాన్ని 1950లో పోపు 12వ పయస్ నిర్వచించారు. డిసెంబరు 8న జరిగే అమలోద్భవి మాత పండుగ క్రీస్తు కన్యగర్భజననానికి సంబంధించినదని చాలామంది పొరబడతారు. అది మరియ తన తల్లి గర్భంలో రూపుదిద్దుకోవడానికి సంబంధించిన సిద్ధాంతం. ఆగస్టు 15 కతోలికులకు స్వాతంత్ర్య దినంతో పాటు మోక్షారోపణ పండుగ కూడా. మరియభక్తి హద్దు దాటకుండా శ్రీసభే జాగ్రత్త పడుతుంది. ఆమెను సహరక్షకి అని పిలవడం తగదని 2025 నవంబరులో వాటికన్ స్పష్టం చేసింది.

1858లో ఫ్రాన్సులోని లూర్దు పట్టణంలో 14 ఏళ్ల బెర్నదెత్తు సుబిరూకు మరియమాత దర్శనమిచ్చిందన్న విశ్వాసం తెలుగు నేల మీద విజయవాడ గుణదల కొండ దగ్గర వేళ్లూనుకుంది. 1924లో అక్కడి అనాథాశ్రమ నిర్వాహకుడైన ఆర్లాటి గురువు కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పగా, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు లక్షలాది జనం తరలివస్తారు. వారిలో కొవ్వొత్తులు వెలిగించేవారు, కొబ్బరికాయలు సమర్పించేవారు, తలనీలాలు ఇచ్చేవారు, జపమాల చేతబట్టి కొండ మీది సిలువ దాకా ఎక్కేవారు ఉంటారు. కతోలికేతరులూ పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. మొక్కుబడి రూపం తెలుగువారిదే అయినా, అక్కడ చెప్పే బలిపూజ వాటికన్‌లో చెప్పేదే.

శ్రీసభ నిర్మాణం, పోపు పదవి

కనబడని క్రీస్తుకు కనబడే సమాజమే శరీరమన్న భావన నుంచే శ్రీసభ నిర్మాణం పుట్టింది. కొన్ని గ్రామాలకు లేదా ఒక పట్టణ ప్రాంతానికి ఒక విచారణ, దానికి ఒక విచారణ గురువు. అలాంటి విచారణలన్నీ కలిసి పీఠాధిపతి పాలనలో ఒక మేత్రాసనం. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాదు, విశాఖపట్నం అగ్రపీఠాలు. అపోస్తలుల నుంచి చేతులుంచే క్రియ ద్వారా తెగకుండా వచ్చిన వారసత్వం పీఠాధిపతులదనీ, పేతురు వారసుడిగా రోము పీఠాధిపతి అయిన పోపు వారందరి ఐక్యతకు చిహ్నమనీ కతోలికుల నమ్మకం. శ్రీసభ అంటే లతీను సంప్రదాయం ఒక్కటే కాదు. పోపుతో ఐక్యంగా ఉన్న మరో 23 తూర్పు శ్రీసభలున్నాయి. భారతదేశంలో సిరో మలబారు, సిరో మలంకర శ్రీసభలు వాటిలోవే, ఆదిలాబాదు మేత్రాసనం సిరో మలబారు సంప్రదాయానికి చెందినదే. లతీను గురువులకు బ్రహ్మచర్యం క్రమశిక్షణా నియమమే గాని విశ్వాస సత్యం కాదు. అనేక తూర్పు శ్రీసభల్లో వివాహితులకు కూడా గురుపట్టం ఇస్తారు.

పోపు పొరపాటు చేయడన్న సిద్ధాంతం అంతగా అపార్థానికి గురైనది మరొకటి లేదు. 1870లో మొదటి వాటికన్ మహాసభ ప్రకటించిన ప్రకారం, పోపు విశ్వవ్యాప్త శ్రీసభ కాపరిగా తన అత్యున్నత అధికారంతో, విశ్వాసానికి లేదా నైతికతకు సంబంధించిన ఒక బోధను శ్రీసభ అంతా స్వీకరించవలసినదిగా నిర్వచించినప్పుడు మాత్రమే అది తప్పులేనిది. ఆయన ప్రసంగాలకు, రాజకీయ అభిప్రాయాలకు, ఇంటర్వ్యూలకు ఆ రక్షణ లేదు, ఆయన కూడా క్రమం తప్పకుండా పాపసంకీర్తనం చేసుకుంటారు. 1870 తరవాత ఈ అధికారాన్ని వినియోగించినది 1950లో ఒక్కసారే. 2025 ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ మరణించాక, 80 ఏళ్లలోపు వయసున్న 133 మంది కార్డినల్స్ సమావేశమై మే 8న అమెరికాలో పుట్టిన రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్‌ను ఎన్నుకున్నారు. శ్రామికుల హక్కుల గురించి 1891లో చారిత్రక లేఖ రాసిన 13వ లియో స్ఫూర్తితో ఆయన 14వ లియో అనే పేరు స్వీకరించారు. ఆయనను ఎన్నుకున్న కార్డినల్స్‌లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోనీ ఒకరు. 2022 ఆగస్టు 27న కార్డినల్‌గా నియుక్తుడైన ఆయన ఆ హోదా పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు.

సిద్ధాంతం, సమాజం

ఒక దళితుడు కార్డినల్ కావడం వెనుక ఒక చేదు నేపథ్యం ఉంది. ఒకే నీటిలో జ్ఞానస్నానం పొందినవారంతా సమానులన్న బోధను నమ్మి శ్రీసభలో చేరిన దళితులకు, కొన్నిచోట్ల దేవాలయంలోనూ, శ్మశానంలోనూ వేరు స్థలాలే ఎదురయ్యాయి. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో ఈ వివక్షను బాహాటంగా ఒప్పుకుని, అది సువిశేషానికి విరుద్ధమని చెప్పింది. మరోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవాన్ని స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా గుర్తిస్తున్నారు. కనబడే చిహ్నం లోపలి నిజాన్ని మోయాలన్నదే కతోలిక సిద్ధాంతం అయినప్పుడు, కుల వివక్ష కేవలం సామాజిక దోషం కాదు, ఆ సిద్ధాంతాన్నే అబద్ధం చేసే దోషం.

కతోలిక విశ్వాసాన్ని అంగీకరించినా విమర్శించినా దాని మూలం దగ్గరే ఆ పని జరగాలి. కొవ్వొత్తులు, స్వరూపాలు, జపమాలల దగ్గర మొదలైన వాదం ఎక్కడికీ చేరదు. దైవం మానవ దేహాన్ని ధరించిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ధరించిందని ఒప్పుకున్నవారికి ఏడు సంస్కారాలు, పునీతులు, శ్రీసభ అన్నీ దాని కొనసాగింపుగా కనిపిస్తాయి, ఒప్పుకోనివారికి వాటిలో ఏదీ నిలవదు. స్వయంగా చూసి తెలుసుకోదలచినవారికి ఆదివారపు బలిపూజకు ఏ విచారణ దేవాలయంలోనైనా ప్రవేశం ఉంది. చెప్పులు విడిచి, ఎక్కడైనా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడవచ్చు. సత్ప్రసాదం పంచేటప్పుడు మాత్రం కతోలికులు కానివారు వరసలో నిలబడకూడదు.